తెర ఆరితే చాలదు

1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన అల్లూరి సీతారామరాజు, పట్టుకుపోతున్న ఆయుధాల లెక్క స్టేషను రికార్డులోనే రాసి సంతకం పెట్టాడని ప్రసిద్ధి. ఆనాటి సర్కారు లెక్కకు కాగితం, సిరా ఉంటే సరిపోయేది. ఇప్పుడు అదే కృష్ణదేవిపేటలో రేషను బియ్యం తూచాలన్నా, పింఛను చేతికివ్వాలన్నా వేలిముద్ర పడాలి. 2015లో మన చౌక దుకాణాల్లోకి ఈపాస్ యంత్రాలు వచ్చాయి, 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటి గుమ్మానికే వస్తోంది. ఈ యంత్రాలకు సాయంత్రం దాకా ఛార్జింగ్ నిలవాలి. అందుకు అందరూ చెప్పే చిట్కా తెర వెలుగు తగ్గించమనే. చేతికంప్యూటర్ల చరిత్ర చూస్తే అది సగం చిట్కానే.

పల్లె కోసమే బెంగళూరులో తలపెట్టి 2001లో చూపించిన సింప్యూటర్‌ అనే చేతికంప్యూటర్ టీవీ రిమోట్లలో వేసే సన్న బ్యాటరీలు మూడింటితో నడిచేది, తెర నలుపు తెలుపే. అంత తక్కువ కరెంటుతో బతకాలంటే పని లేని క్షణాల లెక్క కూడా చూసుకోవాలి. ఆ లెక్క ఎంత పెద్దదో 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు కారల్, హైజర్ ఓపెన్‌మోకో ఫోను మీద కొలిచి చూపించారు. తెర వెనక దీపం, అంటే బ్యాక్‌లైట్, నిండుగా వెలిగితే 414 మిల్లీవాట్లు, మధ్యస్థంగా ఉంటే సుమారు 75. బ్యాక్‌లైట్ లెక్క పక్కన పెట్టినా, ఏ పనీ చెయ్యకుండా మేలుకున్న ఫోను 268.8 మింగుతుంది. నిద్రపుచ్చితే 68.6తో సరి. దాని 1200 ఎంఏహెచ్ బ్యాటరీకి లెక్కగడితే, నిండు వెలుగులో ఆరున్నర గంటలు, దీపం ఆర్పి ఊరికే ఉంచితే పదహారున్నర, నిద్రపోతే అరవై నాలుగు పైచిలుకు. లైనక్స్‌లో వెలుగు ఒక ఫైలులోని అంకె మాత్రమే. సున్నా రాస్తే చాలా పరికరాల్లో దీపం ఆరుతుంది, ప్రాసెసర్ మాత్రం మేలుకునే ఉంటుంది. దాన్ని పడుకోబెట్టే ఆజ్ఞ వేరే.

అది పాత ఫోను, ఇప్పటివి వేరు కదా అంటారు. అంకెలు మారిన మాట నిజం. అయినా తెర ఆరాక లోపల జరిగే ఖర్చును అదుపు చెయ్యడానికే 2015లో గూగుల్ ఆండ్రాయిడ్‌లో డోజ్ అనే ఏర్పాటు తేవలసి వచ్చింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: నిద్రలేవడానికి, మళ్లీ సిగ్నల్ అందుకోవడానికి యంత్రం సమయం తీసుకుంటే వరసలో నిలబడ్డ ముసలమ్మ ఇంకాసేపు కాళ్లు పీక్కుంటూ నిలబడాలి. ఒప్పుకోవలసిందే. దీనికి సమాధానం 2007లో పిల్లల కోసం చేసిన ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌లో దొరుకుతుంది. దాని ప్రాసెసర్ పడుకున్నా తెర మీది బొమ్మ చెదరదు, ఒక చిన్న చిప్ దాన్ని నిలిపి ఉంచుతుంది. ఎండలో బ్యాక్‌లైట్ ఆర్పేసినా అక్షరాలు నలుపు తెలుపుల్లో కనిపిస్తాయి. మామూలు తెర అదే ఎండలో సూర్యుడితో పోటీపడి వెలుగు పెంచుకుంటూ పోయి, ఓడిపోతుంది. ఏజెన్సీ అంచున ఎండన పడి ఇల్లిల్లూ తిరగాల్సిన యంత్రానికి పెద్ద బ్యాటరీ కంటే ముందు అలాంటి తెర కావాలి. కొనుగోలు టెండర్లు రాసేవాళ్లు ఎంఏహెచ్ అంకెతో పాటు, యంత్రం ఊరికే ఉన్నప్పుడు ఎన్ని మిల్లీవాట్లు తాగుతుందో కూడా అడగాలి.