పుట్టగొడుగు ఈగలు: రెక్కల గీతల్లో వంశవృక్షం

పూలకుండీలో నీళ్లు ఎక్కువైతే మట్టి మీద చిన్న నల్ల ఈగలు ముసురుతాయి. అరటిపండు మీద వాలే ఈగలు కావివి, కుట్టే దోమలూ కావు. తడిమట్టిలో బూజు, కుళ్లిన ఆకు తిని పెరిగే సియారిడ్లు. పుట్టగొడుగు ఈగల్లో ఇదొక శాఖ.

ఈ వంశం చాలా పాతది. బాల్టిక్ తీరంలో దొరికే ఆంబర్‌లో, అంటే కోట్ల ఏళ్ల కిందట గట్టిపడ్డ చెట్టుజిగురులో, వీటి శిలాజాలు కోకొల్లలు. నేడు వాడే ప్రజాతి పేర్లు వచ్చింది మాత్రం 1803లో. జర్మనీకి చెందిన యోహాన్ మైగెన్ రెక్కల ఈనెలూ మీసాలూ చూసి ఈగల్ని విడదీస్తూ మైసిటోఫిలా, సియారా అనే ప్రజాతులకు పేర్లు పెట్టాడు. 1863లో యోహానెస్ విన్నెర్ట్స్ పుట్టగొడుగు ఈగల మీదే పెద్ద రచన చేశాడు. 1925లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఎఫ్.డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ వీటి వర్గీకరణను తిరగరాశాడు. అప్పట్లో ఉపకుటుంబాలుగా ఉన్నవి తర్వాత వేరు కుటుంబాలయ్యాయి.

గుర్తుపట్టడానికి భూతద్దం కావాలి. సియారిడ్‌కు రెండు కళ్లూ మీసాల పైన సన్నని వంతెనలా కలిసిపోతాయి. రెక్క మధ్యలో ఈనె పంగలకర్రలా చీలుతుంది. పుట్టగొడుగు ఈగల్లోనే మరో శాఖ అయిన మైసిటోఫిలిడ్‌కు ఆ కంటి వంతెన ఉండదు. వీపు గూనిగా లేచి ఉంటుంది, కాళ్ల మొదలు పొడవు, పిక్కల చివర గట్టి ముళ్లు. దగ్గరి జాతుల్ని తేల్చాలంటే మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే.

అందరి తిండీ ఒకటి కాదు. న్యూజిలాండ్ వైటోమో గుహల్లో వెలిగే పురుగులు ఈ బంధువర్గంలోని కెరోప్లాటిడ్ల పిల్లలే. జిగురు దారాలు వేలాడదీసి, వెలుగుకు వచ్చిన కీటకాలను పట్టి తింటాయి. సియారా అయితే జన్యుశాస్త్రానికే పాఠం చెప్పింది. తండ్రి నుంచి వచ్చిన ఎక్స్ క్రోమోజోమును ఏరి వదిలించుకునే దీని తీరును వివరిస్తూ, 1960లో హెలెన్ క్రౌస్ ‘ఇంప్రింటింగ్’ (ముద్ర వేయడం) అన్న మాటను జన్యుశాస్త్రంలోకి తెచ్చింది.

పుట్టగొడుగుల షెడ్డులో మాత్రం సియారిడ్ శత్రువే. నల్లతల, పారదర్శకమైన ఒళ్లున్న పిల్లపురుగులు మైసీలియాన్ని, అంటే పుట్టగొడుగు మొలిచే బూజు దారాల్ని, తినేసి కాడల్లోకి తొలుస్తాయి. కిటికీలకు సన్నని వల, లోపల పసుపు జిగురు అట్టలు మొదటి రక్షణ. ఇంటి కుండీకి అంత హడావిడి అక్కర్లేదు. మందు కొట్టే ముందు నీళ్లు తగ్గించి, పైమట్టి ఆరనివ్వండి. తేమ లేని చోట వీటి పిల్లలు బతకవు.