బండిమీది కాపురము



ఉద్యోగవిరమణ మొందిన నావంటివారిలో నీమధ్య నొక క్రొత్తకోరిక మొలకెత్తుచున్నది. పడక, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది మొదలగు సర్వమును ఒక పెద్ద మోటారులో నమర్చుకొని, ఊరూర సత్రములు వెదకుకొను బాధలేక దేశము చూచి రావలెనని వారి యభిలాష. పాశ్చాత్యదేశములలో తానే నడచుదానిని మోటారుహోమనియు, వేరొక వాహనము వెనుక తగిలించి లాగుకొనిపోవుదానిని కారవాననియు వ్యవహరింతురు. మన రవాణాశాఖ నిబంధనలలోను మోటారు కారవాను అను పేర నొక తరగతి యేర్పడియున్నది. మా పుట్టపర్తికి దూరదేశములనుండి జనము వచ్చుచుందురు గనుక ఇట్టి మాటలు మా వీథులలో తరచు వినబడును. తమకు ముట్టిన గ్రాట్యుయిటీ సొమ్ము నిందులో పెట్టుట మేలా యని మిత్రులొకరు నన్నడిగిరి. నేను పాఠములు చెప్పినవాడనేగాని మోటారులు నడపినవాడను గాను. అయినను ఇండ్లను వెంటబెట్టుకొని తిరుగుట ఈ దత్తమండలములకు క్రొత్త గాదు. ఆ కథలో మిత్రుని ప్రశ్నకు కొంత సమాధానమున్నదని తోచి, ఈ ప్రసంగమునకు పూనుకొన్నాను.

మొదట మాటను గూర్చి ఒక్క మాట. కారవాను అనునది పారసీకుల కార్వాన్ శబ్దము. ఎడారులలో గుంపుగూడి నడచు వర్తకుల సమూహమునకు ఆ పేరు. దానికి సరియైన మాట మనకు బిడారు కలదు. సంస్కృతమున సార్థ మందురు. అయితే పారసీకుల కార్వానుగాని, మన బిడారుగాని ఇల్లు కాదు. అది నడచు జనము, నడచు సరకు. ఆ మాటకు ఇల్లు అను అర్థము ఆంగ్లేయుల చేతిలో తరువాత వచ్చినది.

మన సీమలో బిడారు అనగానే స్ఫురించువారు లంబాడీలు. వారి గురువు సేవాలాల్ మహారాజు 1739వ సంవత్సరమున గుత్తి ప్రాంతమున జన్మించెనని వారి సంప్రదాయము. గుత్తిదగ్గరి సేవాగడ్ నేటికిని వారికి యాత్రాస్థలము. పెరికెడ్లపై గోనెల కెత్తి తీరమునుండి ఉప్పును లోనాడునకును, లోనాటి ధాన్యమును తీరమునకును చేరవేయుట వారి వృత్తి. భార్యాబిడ్డలు, వంటపాత్రలు, కోళ్లు, కుక్కలు అన్నియు వెంటనే. 1791-92లో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణముపై దండెత్తినప్పుడు అతని సేనలకు ధాన్యము మోసినది ఈ పెరికెడ్లే. వేలకొలది యెడ్లు నడచు ఆ బిడారుల లెక్కలో గమనింపదగిన రహస్య మొకటి కలదు. వారు మేత కొనరు. దారిప్రక్కల బీళ్లలో ఎడ్లు మేయుచు నడచును. నల్లరేగడి వానకు బురదయైన కాలమున నడక మాని ఒకచోట విడియుదురు. ప్రయాణమే వారికి జీవనోపాధి గనుక ప్రయాణమునకు ఖర్చు లేదు. రైలు వచ్చి ఆ సరకును లాగుకొనిపోయిన తరువాతగాని ఆ లెక్క తప్పలేదు.

ఇచ్చట నొక చేదుమాట చెప్పక తప్పదు. తిరుగుట కొందరికి వినోదము, కొందరికి నేరము. 1871లో బ్రిటిషువారు చేసిన నేరజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపింపజేయబడెను. స్థిరమగు ఇల్లు లేకుండుటయే అనుమానమునకు చాలిన హేతువయ్యెను. స్వాతంత్ర్యానంతరము ఆ చట్టము రద్దై, 1952లో ఆ జాతుల కా ముద్ర తొలగింపబడినది. అదే కాలమున ఇంగ్లండులో సంపన్నులు సరదాకు చక్రములమీది ఇండ్లు కట్టించుకొని, జిప్సీలవలె తిరుగుచున్నామని మురిసిపోవుచుండిరి.

ఇక డేరా కాపురము. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి వదలుకొన్న పిమ్మట, తామసు మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు నుండెను. గ్రామగ్రామమున భూములు కొలిపించి శిస్తులు నిర్ణయించు పని యాయనది. ఆ కాలములో నెక్కువభాగము ఆయనయు సహాయులును డేరాలలోనే గడపిరి. డేరా మోయుటకు ఎడ్లు, ఎడ్లకు మేత, అందరికిని నీరు: ఇవి సమకూడిన చోటనే మజిలీ. మరల ఇరువదేండ్లకు, మద్రాసు గవర్నరు పదవినుండి విరమింపనెంచి, తన స్థానమున వచ్చువారి రాకకై వేచియున్న దినములలో, పాత స్నేహితులవంటి ఈ మండలముల నొకమారు చూచిపోవలెనని 1827 వేసవిలో బయలుదేరెను. దండులో విషూచి పుట్టెను. జూలై 6వ తేదీన పత్తికొండలో ఆ వ్యాధికే ఆయన బలియయ్యెను. గవర్నరునకు వైద్యులు లేక గాదు, డేరాలు చాలక గాదు. నేడు మోటారు ఇంటివారు పరుపు మెత్తదనమును గూర్చి విచారించునంతగా త్రాగునీటి తొట్టిని గూర్చి విచారింపరు. తొట్టి కడుగుటయు, తెలియని యూరి నీటిని కాచి వడియగట్టుటయు అన్ని యుపకరణములకంటె ముందు చూడవలసినవి.

నీటిలో మరియొక చిక్కు కలదు. లీటరు నీరు కిలోగ్రాము బరువు. నూరులీటర్ల తొట్టి నింపినచో ఇరువది లీటర్ల బిందెలైదు నెత్తిన బెట్టుకొని వాహనము పరుగిడవలెను. మా పీఠభూమివంటి చోట, చిత్రావతి యేరు సంవత్సరములో చాలభాగ మిసుకగానే యుండును గనుక, తొట్టి నింపుకొనకయు వీలులేదు. పడమటి కనుమల చాటుపడి మా సీమకు వాన తక్కువ. సగటున సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల. అదియు కాలమునకు రాదు.

ప్రయాణపు లెక్కలలో మన తెలుగువారికి గురుస్థానీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఈయన 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు వెడలి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ, కాశి, గయలు సేవించి, కలకత్తా, జగన్నాథముల మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన మద్రాసు చేరెను. పదునైదు నెలలు దాటిన ప్రయాణము. వెంట సుమారు నూరుగురు. దారిలోని విశేషములను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించిన పిదప పిళ్ళగారు వానిని 1838లో అచ్చువేయించిరి. కాశీయాత్రచరిత్రను పుణ్యగ్రంథ మనుకొని తెరచినవారు తెల్లబోవుదురు. ఏ యూరికి ఏ యూరు ఎంతదూరము, బాట రాతిదా యిసుకదా, అంగళ్లున్నవా, నీటివసతి యెట్టిది, ఏటికి పడవ దొరకునా యనునవియే పుటపుటను కనబడును. నా దృష్టిలో తెలుగున బాటసారికి ఇంతకంటె నుపకరించు గ్రంథము నేటికిని రాలేదు.

ఆయన పల్లకీని మోసినవారు బోయీలు. డేరాలు వెంటవచ్చినవి. అనగా ఇల్లు తనదే, లాగు బలము కూలిది. యాత్ర ముగిసినది, కూలి యిచ్చినాడు, బోయీలు తమతమ యిండ్లకు పోయిరి. మరుసటి యేడు వారిని పోషింపవలసిన పని ఆయనకు లేదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు.

లాగు బలమును పోషించుట యననేమో ఈ సీమకు 1876-78 కరవు నేర్పినది. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. ఇదంతయు బళ్లారి జిల్లాలోనిది, 1882లో వేరుపడినది. మద్రాసునుండి రాయచూరు దిక్కునకు రైలు అంతకుముందే పడినది. ధాన్యము స్టేషనులకు వచ్చి బస్తాలుగా పడెను. కాని స్టేషనునుండి పల్లెకు తోలుటకు బండ్లుండియు ఎడ్లు లేవు. మేతయు నీరును లేక అవి ముందే చచ్చినవి. తోలనెంచిన కొలదియెడ్లకు దారిలో మేత గావలెను. ఆ మేతను మోయుటకు మరల బండి గావలెను. చక్రములు, ఇరుసు, తొట్టి చెక్కుచెదరక నిలిచియున్నను బండి కదలలేదు. అందువలననే బండి కొనువాని నడుగవలసిన ప్రశ్న బండివెల గాదు, ఎద్దుమేత. ఎద్దు దున్నినను మేయును, దున్నకున్నను మేయును.

మోటారు మేయదని మిత్రులు నవ్విరి. మేయును. నిలిచియున్నను భీమా గట్టవలెను, పన్ను గట్టవలెను. బ్యాటరీ వాడకున్నను దిగిపోవును. టైరు అరగకున్నను ఎండకు ముదిసి చీలును. టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రించియుందురు: మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. పాతబండి కొనువారు గాడి లోతును జూచి సంతసింపక ఆ యంకెలను చదువవలెను. సంవత్సరమునకు ఇరువదిదినములు తిరుగు వాహనమునకు తక్కిన మూడువందల నలువది యైదు దినముల మేతను ఆ ఇరువదిదినములకు పంచి చూచినచో, ఒక్కొక్క రాత్రికి మంచి హోటలుగది వెల తేలుటయు కలదు. పింఛను నెలనెలకు నియతముగా వచ్చు సొమ్ము. టైరులును, ఇంజను మరమ్మతులును నియతముగా రావు. ఒక్కమారుగా వచ్చి పడును. కావున మొత్తపు సొమ్మంతయు కొనుగోలులో పోసి, పింఛనుతో నడుపుకొందమను లెక్క పొసగదు. కొనుసొమ్ములో నాలుగవవంతైన ముట్టక యుంచుట నాకు యుక్తముగా తోచును. కమ్ముటేషను చేయించుకొన్నవారు మరింత జాగ్రత్తపడవలెను, వారికి పదునైదేండ్లవరకు పింఛను తగ్గియే వచ్చును.

లాగుటను గూర్చిన శాస్త్రము మా పల్లెలవారికి పుస్తకములు లేకయే తెలియును. నా బాల్యమున ఫాల్గుణమాసమున కదిరి నరసింహస్వామి తిరునాళ్లకు గూడుబండ్లు వరుసగా సాగుచుండెను. వెదురుబద్దలు వంచి చాప గప్పిన గూడు, లోపల వరిగడ్డిపై బొంత, గడ్డియే మెత్త, గడ్డియే మేత. పోవునప్పుడు ఎత్తుగా నున్న పడక వచ్చునప్పటికి పలకకు దిగుచుండెను. బండిక్రింద వ్రేలాడు తొట్టిలో కుండలు, ఇరుసుప్రక్కన కందెన గొట్టము, అదనముగా నొక కడచీల, రాత్రికి లాంతరు. దినమునకు ఆమడయున్నర, రెండామడలు. ఆమడ యనగా సుమారు ఎనిమిది మైళ్లు. పొద్దెక్కకముందే నడక, ఎండవేళ చింతక్రింద వంట, మరల చల్లబడిన పిమ్మట నడక.

బండి నెక్కించునప్పుడు మా తాతగారు ముందు కాడి నెత్తి చూచెడివారు. బరువు మిక్కిలి ముందునకుండిన కాడి యెడ్ల మెడలను క్రుంగదీయును. వెనుక కెక్కువైన నొగలు పైకి లేచి, మెడపట్టెడలు ఎడ్ల గొంతుకలను బిగించును, ఏటవాలున బండి ఇటునటు నూగును. కాడి చేతికి కొద్దిబరువుగా తగులవలెను, అంతే. పాశ్చాత్యులు వెనుకబండి లాగు సూత్రములను విస్తారముగా వ్రాసిరి. నేను చదివినంతలో సారము మా తాతగారి చేతిలోనిదే. బరువైనవి ఇరుసుమీద, క్రిందుగా. కొక్కెముమీద మొత్తపు బరువులో పదింట నొకవంతుకు కొంచె మిటునటుగా. వెనుకచివర బరువులు పెట్టరాదు. వెనుకబండి యూగసాగెనా, వేగము పెంచి దాని నదుపుచేయజూచుట ప్రమాదము; మెల్లగా వేగము తగ్గించుటయే మార్గము. ఘాటుదిగుటలో ఒక్క బ్రేకునే నమ్మక క్రిందిగేరులో దిగవలెను. లాగుబండి బలము చాలునా, ఆ జత చట్టసమ్మతమా యని కొనకముందే తెలిసికొనుట మంచిది. మనదేశమున ట్రైలరుకు వేరుగ రిజిస్ట్రేషను కావలెను.

వినోదమునకే కట్టిన మొదటి గుర్రపు ఇండ్లలో ప్రసిద్ధమైనది 1885లో గార్డను స్టేబిల్సు కట్టించుకొన్న వాండరరు. ఆయన ఆరోగ్యము చెడి నౌకాదళమునుండి విరమించిన వైద్యుడు, అనగా మన కోవలోనివాడే. బ్రిస్టలులోని బండ్ల కార్ఖానాలో కట్టిన ఆ యిల్లు ఇంచుమించు రెండు టన్నుల బరువు, లాగినవి రెండు గుర్రములు. ముందుగా నొక సేవకుడు మూడుచక్రముల సైకిలుపై పోయి బాట యెట్లున్నది, రాత్రికి గుర్రములకు చోటు దొరకునా యని విచారించెడివాడు. ఇంటికి చోటు దొరకుట కష్టము గాదు, గుర్రములకే కష్టము. ఇంగ్లండు దక్షిణభాగమునుండి స్కాట్లండులోని ఇన్వర్నెసు వరకు పోయి, ఆ ప్రయాణమును గ్రంథముగా వ్రాసి అమ్ముకొనెను. లంబాడీలవలె ఈయనయు దారిఖర్చును దారిలోనే సంపాదించెననవచ్చును. 1907లో అచ్చట కారవాను క్లబ్బు స్థాపింపబడెను.

కదిరి గూడుబండ్లవారు గ్రంథములు వ్రాయలేదు. వారికి వేరొక యుపాయ ముండెను. తిరునాళ్లకు పోయిన బండి వేరు, సేద్యపు బండి వేరు గాదు. తిరిగివచ్చిన మరునాడు గూడు విప్పి అటుకపై నెక్కించి, చాప చుట్టి మూలబెట్టి, ఆ బండికే దిబ్బయెరువు నింపి చేనికి తోలుకొనిపోవుచుండిరి.