రీఫ్ అక్వేరియం: నీటి ప్రవాహం, వెలుగు

పగడాలు, సముద్రపు చేపలు, రాళ్ల మీద బతికే సూక్ష్మజీవులు కలిసి ఉండేలా ఏర్పరచే ఉప్పునీటి తొట్టి రీఫ్ అక్వేరియం. నీళ్లను ఎలా కదిలించాలి, వెలుగు ఎంత ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే దీని చరిత్ర నడిచింది.

1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం అక్వేరియం తెరిచారు. తొట్లలో చేపలు బతికాయి గానీ రాతి పగడాలను నిలబెట్టడం ఆ తర్వాత వందేళ్లకు కూడా కష్టంగానే ఉండేది. పగడం కణాల్లో కాపురముండే సన్నటి నాచుకు జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బ్రాంట్ 1881లోనే జూజాంథెల్లా అని పేరు పెట్టాడు. పగడానికి తిండి చాలావరకు ఆ నాచు నుంచే వస్తుంది, నాచుకేమో వెలుగు కావాలి. ఇంట్లో మామూలు బల్బు అందుకు ఏమాత్రం చాలదు.

దారి చూపినవాడు జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్. సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, కిటికీలోంచి పడే ఎండ, గాలి బుడగలతో కదిలే నీళ్లు: ఇంతే ఆయన ఏర్పాటు. 1961లో ఈ పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. యంత్రాలను కాకుండా ప్రకృతిని నమ్మిన ఈ మనిషికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. తర్వాతి దశాబ్దాల్లో బెర్లిన్ అభిరుచిపరులు ఎండకు బదులు మెటల్ హాలైడ్ దీపాలు వాడారు, మలినాన్ని నురగతో తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్ జోడించారు. ఆ దీపాలతో తొట్టి నీళ్లు వేడెక్కేవి. 2000 తర్వాత వచ్చిన ఎల్‌ఈడీలు ఆ బాధ చాలావరకు తగ్గించాయి.

ప్రవాహం సంగతి ఇంతకన్నా సూక్ష్మం. నీళ్లు కదలకపోతే పగడం చుట్టూ పలచని నిశ్చల పొర ఏర్పడి ఆక్సిజన్, ఆహారం అందవు. అలాగని పంపు ధార ఒకేచోట సూటిగా తగిలితే కండ ఊడి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది. అందుకే ఎదురెదురు గోడలకు రెండు పంపులు పెట్టి, ధారలు మధ్యలో ఢీకొని చెదిరేలా చూస్తారు. గంటకు తొట్టి పరిమాణానికి కనీసం 20 రెట్ల నీరు తిరగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 200 లీటర్ల తొట్టికి 4,000 లీటర్లు.

భారతదేశంలో రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. కాబట్టి తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఉప్పునీటి తొట్టి పెట్టాలనుకునేవారికి సరైన దారి కృత్రిమ రాళ్లు, తొట్లలోనే పుట్టి పెరిగిన క్లౌన్ చేపలు. బోరు నీళ్లు పనికిరావు. లవణాలు తీసేసిన నీళ్లలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవాలి. వేసవిలో జగిత్యాలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, తొట్టి నీళ్లేమో 26 డిగ్రీల దగ్గర ఉండాలి.

ఈ ఊళ్లలో కరెంటు కోతలూ తప్పవు. కరెంటు పోయినప్పుడు లైటు ఒకరోజు లేకపోయినా నష్టం లేదు, సముద్రం మీద మబ్బు పట్టిన రోజులూ ఉంటాయి. పంపు ఆగితే మాత్రం కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే ఇన్వర్టర్‌కు ముందుగా కలపాల్సింది పంపునే.