మందడం మాన్యం

గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా మల్కాపురం అనే చిన్న ఊరు ఉంది. కాకతీయుల కాలంలో సమాజ సేవకు ఇచ్చిన దానాన్ని అతి వివరంగా చెప్పే శాసనం ఈ ఊళ్లోనే దొరికింది. పైన నంది విగ్రహం ఉన్న పెద్ద రాతి స్తంభం మీద దాన్ని చెక్కారు. భాష ప్రధానంగా సంస్కృతం. తేదీ శక సంవత్సరం 1183, దుర్మతి, చైత్ర బహుళ అష్టమి, శుక్రవారం. అంటే 1261 మార్చి 25. అప్పటికి కాకతీయుల రాజధాని ఓరుగల్లులో రుద్రమదేవి పాలిస్తోంది.

దానం పుచ్చుకున్నవాడు విశ్వేశ్వర శివాచార్యుడు. ఆయన సొంత ఊరు గౌడదేశంలోని రాఢ ప్రాంతపు పూర్వగ్రామం, అంటే నేటి బెంగాల్ వైపు. డాహళ దేశంలో, నేటి జబల్పూరు పరిసరాల్లో, కలచురి రాజుల ఆదరణతో ఎదిగిన గోళకీ మఠ పరంపరకు చెందిన శైవాచార్యుడు. రుద్రమ తండ్రి, కాకతీయ రాజు గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గురువు కూడా ఆయనే. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని గురువుకు ఇస్తానని నోటిమాటగా చెప్పాడు. కూతురు రుద్రమ ఆ మాటను నిలబెట్టి, దానికి వెలగపూడి గ్రామాన్నీ, కృష్ణలోని లంక భూమినీ చేర్చి ధారపోసింది. తండ్రి నోటిమాటను కూతురు రాతి మీదికి ఎక్కించిన ఈ ఘట్టం శాసనంలో ఒకటి రెండు వాక్యాలకు మించదు. అయినా తర్వాత జరిగినదంతా దాని మీదే నిలబడింది.

దానం డబ్బు రూపంలో కాక భూమి రూపంలో ఇవ్వడానికి కారణం తేలికగానే తెలుస్తుంది. నాణేల నిధి ఖర్చయితే తరుగుతుంది, రాజ్యం మారితే పోతుంది. పొలం ఏటేటా పండుతుంది. ఏటి ఒండ్రుతో నిండే లంక భూములు మరీ సారవంతం. ఇలాంటి భూమినే తర్వాతి తరాలు మాన్యం అన్నాయి. రాజు వదులుకునేది ఆ ఊరి నుంచి తనకు రావలసిన పన్ను. పొలం దున్నేవాడు మాత్రం మునుపటిలాగే దున్నుతాడు, పంటలో రాజభాగం ఇకమీదట మఠానికి చేరుతుంది. ఈ ధర్మం మొత్తాన్నీ మోసింది ఆ రైతుల చెమటే అయినా శాసనం వాళ్ల పేర్లు చెప్పదు. ఆ కాలపు దానశాసనాల్లో చాలావాటికి ఉన్న వెలితి ఇది.

శివాచార్యుడు ఆ నేల మీద విశ్వేశ్వర గోళకి అనే పేరుతో కొత్త ఊరు కట్టించాడు. అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను రప్పించి భూములిచ్చి నిలిపాడు. మిగిలిన ఆదాయాన్ని మూడు భాగాలు చేశాడు. ఒకటి విశ్వేశ్వరాలయంలోని శివుడికి. రెండోది శుద్ధశైవ మఠానికీ, అక్కడ చదువుకునే విద్యార్థులకూ. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి.

ఈ మూడో భాగమే మల్కాపురం శాసనానికి ప్రత్యేకత తెచ్చింది. తెలుగునేల శాసనాల్లో గుడి దీపానికి మేకలు, గొర్రెలు, ఆవులు ఇచ్చిన మాట అడుగడుగునా కనిపిస్తుంది. చెరువు తవ్వించిన మాటా కనిపిస్తుంది. పురిటి తల్లుల కోసం ఒక ఇల్లు కట్టి, దాని ఖర్చుకు ఏటేటా ఆదాయం కేటాయించిన మాట మాత్రం అరుదు. తమిళనాట తిరుముక్కూడల్‌లో 11వ శతాబ్దపు చోళ శాసనం పదిహేను పడకల ఆస్పత్రిని వర్ణిస్తుంది. అక్కడ మందుల పేర్లు, సేవికల జీతాలు కూడా ఉన్నాయి. మల్కాపురంలో అంత లెక్క లేదు. కానీ ప్రసవాన్ని జబ్బుల నుంచి విడదీసి, దానికి వేరే శాల పెట్టాలన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా ఉంది. ఎందరో తల్లులు పురిట్లోనే ప్రాణాలు విడిచే కాలంలో వచ్చిన ఆలోచన అది. శాసనాన్ని చదివేవారు ఒక్క క్షణమైనా ఆగాల్సిన చోటు అదే.

ఆ తర్వాత కొలువుల జాబితా వస్తుంది. ఋగ్వేద, యజుర్వేద, సామవేదాలు చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణ, మీమాంస, తర్కాలనూ సాహిత్యాన్నీ ఆగమాలనూ చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. మఠంలోనూ సత్రంలోనూ వంటకు బ్రాహ్మణ వంటవాళ్లు. గుడిలో ఆడేవారు, పాడేవారు, వాయించేవారు. ఊరి కాపలాకు వీరభద్రులు. వీరు కాక కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, శిల్పి, మంగలి వంటి చేతివృత్తులవారు. ఒక్కొక్కరికి భూమిలో వాటా. ఈ జాబితాను మఠ వైభవంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. కుండలు చేసేవాడు లేకపోతే సత్రంలో వంట లేదు, లెక్క రాసేవాడు లేకపోతే రెండో ఏడు ధర్మం లేదు. ఇదంతా తెలిసినవాడే ఈ శాసనాన్ని రాయించాడు.

సత్రంలో బ్రాహ్మణులు మొదలుకొని చండాలుల వరకు ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని శాసనం ఆదేశిస్తుంది. అగ్రహారం కట్టించిన చేతులే ఈ మాటా రాయించాయి. కులం ఎంచి వంటవాళ్లను పెట్టినా, ఆకలికి మాత్రం కులం ఎంచలేదు. పైఅధికారి విషయంలోనూ ముందుచూపు ఉంది. మఠాధిపతి దారి తప్పితే అతణ్ని తొలగించి మరొకరిని నిలిపే హక్కు శైవ సమూహానికి ఇచ్చారు.

శివాచార్యుడి పని మందడంతో ఆగలేదు. కాళేశ్వరం, ఏలేశ్వరం వంటి చోట్ల ఆయన చేసిన ప్రతిష్ఠలనూ ఈ శాసనమే చెబుతుంది. ఏలేశ్వరం తర్వాతి కాలంలో నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయింది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. మాన్యాలను కాచే రాజ్యమే పోయాక ఇలాంటి ధర్మాలకు పెద్ద అండ పోయింది. ప్రభుత్వం దానభూముల లెక్క అడగడం చాలా తర్వాతి మాట. మద్రాసు ప్రభుత్వపు 1817 నాటి ఏడో రెగ్యులేషన్ గుళ్లు, మసీదులు, సత్రాలు, వంతెనల కోసం ఇచ్చిన మాన్యాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1863 చట్టంతో ప్రభుత్వం మత సంస్థల నిర్వహణ నుంచి తప్పుకుని వాటిని ధర్మకర్తలకు, కమిటీలకు వదిలింది. 1920లలో మద్రాసు రాష్ట్రంలో హిందూ దేవాదాయ బోర్డు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966లోనూ, మళ్లీ 1987లోనూ దేవాదాయ ధర్మాదాయ చట్టాలు వచ్చాయి.

మందడం, వెలగపూడి, మల్కాపురం ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయి. రుద్రమ ధారపోసిన వెలగపూడిలోనే రాష్ట్ర సచివాలయం, శాసనసభ నడుస్తున్నాయి.