మూడో డిఫెండర్ ఎక్కడి నుంచి వచ్చాడు?



ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్ ఆడే హాస్టల్ తమ్ముళ్ల గోల ఒకటే: "అన్నా, వెనకాల ముగ్గుర్ని పెట్టినా గోల్స్ పడుతూనే ఉన్నాయి." ముగ్గురు అనగానే గోడ కట్టేశాం అనుకుంటాం. జట్టులో ఉండేది పదకొండు మందే కదా. వెనక ఒకడు పెరిగాడంటే ఇంకోచోట ఒకడు తగ్గినట్టే. ఈ లెక్క వందేళ్ల నాటిది.

పాత పద్ధతిలో వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. ఆఫ్‌సైడ్ కాకుండా ఉండాలంటే బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకీ మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురుండాలి. 1925లో దాన్ని ఇద్దరికి తగ్గించారు. అంతే, గేట్లెత్తినట్టయింది. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో అంతకుముందు సీజన్‌లో 1192 గోల్స్ పడితే, ఆ సీజన్‌లో 1703 పడ్డాయి. అక్టోబర్ 3న న్యూకాజిల్ చేతిలో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది.

ఆర్సెనల్ ఫార్వర్డ్ చార్లీ బుకాన్ పట్టుబట్టాడు: సెంటర్ హాఫ్‌ని వెనక్కి దించి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమ నిలబెట్టాలని. మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ ఒప్పుకున్నాడు. రెండు రోజులకే వెస్ట్ హామ్ మీద 4-0 గెలుపు. మధ్యలో పడ్డ ఖాళీ పూడ్చడానికి ముందువరుస నుంచి ఒకణ్ణి కిందికి లాగారు. గేమ్‌లో మనోళ్లు మర్చిపోయేది సరిగ్గా ఈ రెండో పనినే.

ఇలా స్థానం మార్చుకుని వెనక్కి వచ్చినవాళ్లలో మనం తెలుసుకోవాల్సిన పేరొకటుంది. తాలిమెరెన్ ఆవో. నాగా కొండల ఆదివాసీ. మోహన్ బగాన్‌లో ఫార్వర్డ్‌గా మొదలై డిఫెన్స్ పనికి మారాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. చాలామంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడారు. అందులో రెండు పెనాల్టీలు పోయాయి, అది వేరే బాధ. ఆయన డాక్టర్ చదువు కూడా పూర్తిచేసి, సొంత కొండలకే తిరిగెళ్లి వైద్యం చేశాడు.

ఆర్సెనల్ చూపిన ఆ పద్ధతి 1953 నవంబర్ 25న వెంబ్లీలో బద్దలైంది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి జారుకున్నాడు. ఇంగ్లండ్ మూడో డిఫెండర్ హ్యారీ జాన్‌స్టన్‌కి వెంటపడాలో, అక్కడే ఉండాలో పాలుపోలేదు. 6-3. అందులో మూడు హిడెగ్‌కుటివే.

తర్వాత అందరూ నలుగురికి మారారు. ముగ్గురి ఆటతో 1986 ప్రపంచకప్ గెలిచింది బిలార్డో అర్జెంటీనా. ఎదుటివాళ్లకి ఇద్దరు ఫార్వర్డ్‌లుంటే ఇద్దరు వాళ్లని పట్టుకోవాలి, మూడోవాడు ఖాళీగా కాపు కాయాలి. అదే ఎదుటివాళ్లు ముగ్గుర్ని పైకి పంపితే ఆ మిగిలినవాడు ఉండడు. అంచుల్లో ఆడే వింగ్‌బ్యాక్‌లు కిందే ఇరుక్కుంటారు. మీ జట్టుకి జరుగుతున్నది చాలావరకు ఇదే.

2016లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక చెల్సీ కోచ్ కాంటే ముగ్గురికి మారి, లీగులో వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచాడు. కుడి అంచున వింగర్ మోజెస్‌ని పైకీ కిందికీ పరిగెత్తించాడు. కాబట్టి తమ్ముళ్లూ, స్టాపర్ల రేటింగ్ తర్వాత చూడండి, ముందు వింగ్‌బ్యాక్‌ల స్టామినా చూడండి.