ఆగిన బండి పొగ

చోళపురము, రాజపాళయము వీధులలో ఆగిన బండ్ల యంత్రములు తిరుగుచునే యుండును. ఆ పొగ మన పిల్లలు పీల్చునదే. శాసనము మనవారికి అందని వస్తువు కాదు: రాజపాళయమువారైన కుమారస్వామి రాజాగారు 1949 మొదలు 1952 వఱకు మదరాసు ముఖ్యమంత్రిగా నుండిరి.

విన్నపమునకు బలము కలదనుటకు ఢిల్లీయే సాక్ష్యము. 1985లో న్యాయవాది ఎం. సి. మెహతా వాహనముల పొగపై సుప్రీంకోర్టు నాశ్రయించిరి. నగరపు బస్సులు సి.ఎన్.జి. వాయువుతో నడువవలెనని 1998 జూలై 28న ఆజ్ఞ వెలువడినది. పదమూడేండ్లు! మనవారికి పెండ్లి పందిళ్లలోనే అంత ఓపిక యుండదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 115వది, ఆగి తిరుగు పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 3 పాళ్లు మించరాదని తొలుత విధించినది. ఎంతసేపు తిరుగవచ్చునో అందు లేదు. టొరాంటో నగరము 1996లోనే మూడు నిమిషముల హద్దు పెట్టినది. మేము కోరునదియు ఆ నిమిషముల లెక్కయే. సంతకములు చోళపురముననే మొదలు కావచ్చును.