వంశదోషమను మాట

అచ్చంపేట ప్రాంతముననే కాదు, తెలుగునాట నెచ్చటనైనను సంబంధము విచారించునపుడు పెద్దలు గొంతు తగ్గించి యడుగు ప్రశ్న యొకటి కలదు: "వారి యింట నెవరికైన మతి చెడినదా?" మేనమామకు చెడినదని తెలిసినచో పిల్ల సంబంధము తప్పిపోవును. కావున రోగిని దాచుదురు. హైదరాబాదున ఎఱ్ఱగడ్డ యాసుపత్రికి గొనిపోవువారును ఊరు నిద్రించిన పిమ్మటనే బయలుదేరుదురు. ఈ భయమునకు శాస్త్రాధార మెంత?

ఈ వ్యాధికి స్కిజోఫ్రీనియా యను పేరు 1908లో స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయ్లర్ పెట్టెను. 1916లో మ్యూనిక్ నగరమున ఎర్న్‌స్ట్ రూడిన్ రోగుల తోబుట్టువులను లెక్కించి చూచెను. వ్యాధి కొన్ని కుటుంబములలో హెచ్చుగా గానవచ్చినను, మెండెల్ చెప్పిన సరళ నిష్పత్తులకు లొంగలేదు. అయినను 1933లో జర్మను ప్రభుత్వము కొందఱు రోగులను బలవంతముగా సంతానహీనులను జేయు శాసనము దెచ్చినప్పుడు, దానికి వ్యాఖ్య వ్రాసినవారిలో నతడొకడు. ఆ శాసనమున స్కిజోఫ్రీనియా చేరియున్నది. వివిధ వ్యాధుల పేర నించుమించు 4 లక్షలమందికి శస్త్రచికిత్స జరిగెను. 1940, 1941 సంవత్సరములలో సుమారు 70,000 మంది రోగులు విషవాయువుచే జంపబడిరి. లెక్క తెలియనివాడు చేసిన పని కాదిది. అదియే మాకు మిక్కిలి బాధ.

1952లో పారిసున క్లోర్‌ప్రోమజైను మందు రోగులకు మేలు చేసెను. అది మెదడులోని డోపమైను గ్రాహకముల నడ్డగించునని తరువాత దెలిసినది. 2014లో బహుదేశ పండితులు వేలకొలది రోగుల జన్యువులను పరిశీలించి 108 స్థానములను గుర్తించిరి. ఆ గ్రాహకమును నిర్మించు డి.ఆర్.డి.2 జన్యువు వానిలో నొకచోట నున్నది. గ్లూటమేటు గ్రాహకముల జన్యువులును గలవు. 2022 నాటికి స్థానములు 287 ఆయెను. సామాన్యముగా నుండు ఈ భేదములలో నొక్కొక్కటి పెంచు అపాయ మత్యల్పము. జనులలో నూటికి సుమారొకరికి వచ్చు నీ వ్యాధి, తల్లికో తండ్రికో యున్నచో బిడ్డలలో నూటికి పదిమందికి రావచ్చును. తక్కిన తొంబదిమందికి రాదు. మేనమామకున్నచో మేనకోడండ్రలో నూటికి నలుగురి మాట. జన్యువులన్నియు నొకటేయైన కవలలలో సైతము, ఒకరికి వచ్చినచో రెండవవారికి వచ్చుట సగమునకు మించదు.

హైదరాబాదు సి.సి.ఎం.బి. పండితులు విదేశీయులతో గూడి 2009లో వెలువరించిన పరిశోధనలో, నల్లమల చెంచులతో బాటు అనేక కులములవారి జన్యువులు చూడబడినవి. కొలదిమంది పూర్వుల నుండి పుట్టి తమలో దాము పెండ్లాడు వర్గములలో నేకజన్యు వ్యాధులు పెరుగునని యందు హెచ్చరించిరి. అది వేఱు విషయము. స్కిజోఫ్రీనియా ఒక జన్యువుతో దేలునది కాదు. దాని లెక్కలలో నింతవఱకు జేరినవారును మిక్కిలి యైరోపావారే, పిదప తూర్పు ఆసియావారు. అచ్చంపేట పెండ్లిచూపులలో వంశమును దోషియనువారి చేతిలో ఆ వంశపు లెక్క యింకను లేదు.